మెరోపెనెమ్‌కు లొంగని క్లెబ్సియెల్లా: జీనోమ్ చేయించినా రెసిస్టెన్స్ జీన్ దొరకడం లేదు, ఎక్కడ వెతకాలి?

అగర్‌ప్లేట్_12 (ప్రశ్న)

నమస్కారం అండీ. రక్తం, మూత్రం కల్చర్ల నుంచి తీసిన 12 క్లెబ్సియెల్లా ఐసొలేట్ల (విడిగా పెంచిన బ్యాక్టీరియా నమూనాల) మీద ప్రాజెక్టు నడుస్తోంది. మొదట జాతి పేరు కోసం అన్నిటికీ 16ఎస్ (రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ జీన్) పీసీఆర్ పెట్టి సాంగర్ సీక్వెన్సింగ్‌కు పంపాం. సీక్వెన్స్‌ను డేటాబేస్‌తో పోల్చే బ్లాస్ట్‌లో క్లెబ్సియెల్లా న్యుమోనియే 99.8 శాతం, దాని కిందే క్వాసిన్యుమోనియే 99.7 శాతం, వేరీకోలా కూడా దాదాపు అంతే వస్తున్నాయి. ఏ పేరు రాయాలో తేలడం లేదు.

తర్వాత బయట సంస్థకు డీఎన్‌ఏ పంపి 12 జీనోమ్‌లూ నానోపోర్‌లో (పొడవైన రీడ్లు ఇచ్చే సీక్వెన్సింగ్) చేయించాం. వాళ్లు అసెంబ్లీ (రీడ్లను అతికించి కట్టిన జీనోమ్) ఫాస్టా ఫైళ్లు, అబ్రికేట్ టేబుల్ (దొరికిన రెసిస్టెన్స్ జీన్ల జాబితా) పంపారు. పదింటిలో ఎన్‌డీఎం (మెరోపెనెమ్ లాంటి కార్బాపెనెమ్ మందులను విరగ్గొట్టే ఎంజైము, అంటే ఒక కార్బాపెనిమేజ్) ఉంది, ఎంఐసీతో (పెరుగుదలను ఆపే కనీస మందు మోతాదు) సరిపోతోంది. చిక్కంతా మిగతా వాటితోనే. 4వది, 9వది మెరోపెనెమ్ ఎంఐసీ 32 చూపిస్తున్నాయి, కానీ టేబుల్‌లో కార్బాపెనిమేజ్ జీన్ ఒక్కటీ లేదు. ఎన్‌డీఎం ఉన్నవాటిలో 7వది కోలిస్టిన్‌కు 16 వస్తోంది, కోలిస్టిన్ రెసిస్టెన్స్ జీన్లైన ఎంసీఆర్-1 నుంచి 5 దాకా మల్టీప్లెక్స్ (ఒకే ట్యూబులో చాలా జీన్లు చూసే) పీసీఆర్ మాత్రం నెగెటివ్.

ఎంఐసీ తప్పా, సీక్వెన్స్ తప్పా? మళ్లీ చేయించాలంటే ఇలుమినాకు (చిన్న రీడ్ల సీక్వెన్సింగ్) వెళ్లాలా, నానోపోర్‌లోనే ఉండాలా? డబ్బు పరిమితంగానే ఉంది. దేనికి ఖర్చు పెట్టాలో, దేనికి అక్కర్లేదో తెలిసినవాళ్లు చెప్పండి.

——

రైబోజోమ్

16ఎస్ సంగతి నేను చెబుతాను, మిగతాది తెలిసినవాళ్లు అందుకుంటారు.

16ఎస్ జీన్ ఈ.కోలైలో 1542 బేసులు. రైబోజోమ్‌లో దాని పని ఎంత కీలకమంటే, దానిలో చాలా చోట్ల మార్పు వస్తే కణం బతకదు. అందుకే అది చాలా నిదానంగా మారుతుంది. దాదాపు అన్ని బ్యాక్టీరియాల్లోనూ ఒకే జత ప్రైమర్లు పనిచేయడానికి కారణం అదే, దగ్గరి జాతులను విడదీయలేకపోవడానికి కారణమూ అదే. ఈ.కోలై–షిగెల్లా, న్యుమోకోకస్–మైటిస్, సీరియస్–ఆంత్రాసిస్, మీ క్లెబ్సియెల్లా గుంపు, ఇవన్నీ 16ఎస్‌తో తేలని జంటలే. 98.7 శాతం కంటే తక్కువ పోలిక ఉంటే వేరే జాతి అని గట్టిగా అనవచ్చు. దానికి పైన ఉందని ఒకే జాతి అనడానికి మాత్రం లేదు. చాలామంది ఈ రెండో సగం మరిచిపోతారు.

పైగా క్లెబ్సియెల్లా న్యుమోనియే జీనోమ్‌లో 16ఎస్ 8 చోట్ల ఉంటుంది. ఆ 8 కాపీలూ అక్షరం అక్షరం ఒకటి కావు. సాంగర్‌లో అన్నీ కలిసి చదవబడతాయి కాబట్టి కొన్ని స్థానాల్లో రెండు పీకులు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ ఆ రెండిట్లో పెద్దది ఎంచుకుంటుంది. మీకు 99.8కీ 99.7కీ మధ్య కనబడే తేడా 1500 బేసుల్లో ఒకటి రెండు అక్షరాలు, అది ఆ జంట పీకుల దగ్గరే కావచ్చు. క్రోమాటోగ్రామ్ తెరిచి చూడకుండా ఆ అంకెను నమ్మొద్దు. రీడ్ మొదట్లో 30–40 బేసులు, 750 దాటాక వచ్చే భాగం కోసేయాలి. 27ఎఫ్‌తో ఒక రీడ్, 1492ఆర్‌తో ఒక రీడ్ తీసి, మధ్యలో రెండూ కలిసే చోట సరిపోల్చాలి. బ్లాస్ట్ కూడా మొత్తం డేటాబేస్ మీద కాకుండా టైప్ స్ట్రెయిన్ల (ఒక్కో జాతికి ప్రామాణిక నమూనాల) 16ఎస్ డేటాబేస్ మీద పెట్టండి. మొత్తం డేటాబేస్‌లో ఎవరు ఏ పేరుతో డిపాజిట్ చేస్తే ఆ పేరే ఉంటుంది, తప్పు పేర్లు చాలా ఉన్నాయి.

మరో మాట. ట్యాక్ ఎంజైమును ఈ.కోలైలోనే తయారు చేస్తారు కాబట్టి ట్యూబులో దాని డీఎన్‌ఏ కాస్త మిగిలి ఉంటుంది. 35 సైకిళ్లు దాటితే నీళ్ల కంట్రోల్‌లోనూ 1500 దగ్గర బ్యాండ్ వస్తుంది. కాలనీ నుంచి చేసేటప్పుడు 28–30 సైకిళ్లు చాలు. 95 డిగ్రీల దగ్గర 30 సెకన్లు, 55 దగ్గర 30 సెకన్లు, 72 దగ్గర 90 సెకన్లు. నీళ్ల కంట్రోల్‌లో బ్యాండ్ వచ్చిన రోజు ఆ బ్యాచ్ మొత్తం పారేయాల్సిందే.

ఇక మీ పేరు సమస్యకు కొత్తగా ఒక్క రూపాయి ఖర్చు పెట్టనక్కర్లేదు, జీనోమ్ మీ దగ్గరే ఉంది. టైప్ స్ట్రెయిన్ జీనోమ్‌తో ఏఎన్‌ఐ (రెండు జీనోమ్‌ల సగటు పోలిక శాతం) లెక్కించండి. 95–96 శాతం పైన ఉంటే అదే జాతి. ఇంకా తేలిక దారి కూడా ఉంది: క్రోమోజోమ్ మీద పుట్టుకతో ఉండే బీటా లాక్టమేజ్ (పెనిసిలిన్ తరహా మందులను విరగ్గొట్టే ఎంజైము) చూడండి. న్యుమోనియేలో ఎస్‌హెచ్‌వీ, క్వాసిన్యుమోనియేలో ఓకేపీ, వేరీకోలాలో ఎల్‌ఈఎన్. మీ అబ్రికేట్ టేబుల్‌లో ఇది ఇప్పటికే ఉండాలి. అయితే ఎస్‌హెచ్‌వీ ప్లాస్మిడ్ (క్రోమోజోమ్‌కు విడిగా ఉండే డీఎన్‌ఏ) మీద కూడా ప్రయాణిస్తుంది కాబట్టి ఏ కాంటిగ్ (అసెంబ్లీలోని ముక్క) మీద ఉందో చూసుకుని చెప్పండి.

16ఎస్ వృథా అని నా ఉద్దేశం కాదు. కల్చర్ పెరగని గుండె వాల్వు ముక్క, మందులు వేశాక తీసిన చీము, ఏ మెషీనూ పేరు చెప్పలేని గ్రామ్ పాజిటివ్ కడ్డీ, ఇలాంటివాటిలో 16ఎస్ ఇప్పటికీ బంగారం. ఎంటెరోబ్యాక్టీరియాకు మాత్రం దాని మీద డబ్బు పెట్టొద్దు. రెసిస్టెన్స్ గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు.

——

కాంటిగ్‌వేట

4, 9 గురించి. "రిపోర్టులో జీన్ లేదు" అన్న వాక్యాన్ని "బ్యాక్టీరియాలో జీన్ లేదు" అని చదవకూడదు. ఆ రెండిటి మధ్య ప్లేటు, డీఎన్‌ఏ ట్యూబు, లైబ్రరీ, అసెంబ్లీ, డేటాబేస్ అనే ఐదు మెట్లు ఉన్నాయి. జీన్ ఏ మెట్టు మీదైనా జారిపోవచ్చు. పై మెట్టు నుంచి దిగుతూ రండి.

ముందు, అసలు ఎంజైము ఉందా లేదా తేల్చుకోండి. ఎంసీఐఎం పరీక్ష పెట్టండి, ఖర్చు చాలా తక్కువ. 2 మిల్లీలీటర్ల ట్రిప్టిక్ సోయ్ బ్రాత్‌లో 1 మైక్రోలీటర్ లూపు నిండా కల్చర్ కలిపి, 10 మైక్రోగ్రాముల మెరోపెనెమ్ డిస్క్ అందులో ముంచి 35 డిగ్రీల్లో 4 గంటలు ఉంచాలి. తర్వాత ఆ డిస్క్ తీసి, మందులకు లొంగే ప్రామాణిక స్ట్రెయిన్ ఈ.కోలై ఏటీసీసీ 25922 పరిచిన ముల్లర్ హింటన్ ప్లేటు మీద పెట్టి మర్నాడు చూడాలి. డిస్క్‌లోని మందును మీ బ్యాక్టీరియా విరగ్గొట్టేసి ఉంటే జోన్ (డిస్క్ చుట్టూ పెరుగుదల లేని వలయం) 6 నుంచి 15 మిల్లీమీటర్లే వస్తుంది, అది పాజిటివ్. 19, ఆపైన వస్తే నెగెటివ్. 16–18 మధ్య జోన్ లోపల చుక్కల్లా కాలనీలు కనిపిస్తే అదీ పాజిటివే. పక్కనే మరో ట్యూబులో 0.5 మోలార్ ఈడీటీఏ 20 మైక్రోలీటర్లు వేసి ఇదే చేస్తే ఈసీఐఎం అవుతుంది. ఈడీటీఏ ఉన్న ట్యూబు డిస్క్‌కు జోన్ 5 మిల్లీమీటర్లు, ఆపైన పెరిగితే ఎన్‌డీఎం లాంటి, జింక్‌తో పనిచేసే మెటలో ఎంజైము. ఇక్కడ చేతిపని జాగ్రత్త ఒకటి ఉంది: డిస్క్‌ను బ్రాత్ నుంచి తీసేటప్పుడు లూపుతో ట్యూబు అంచుకు ఆనించి నీరంతా వడకట్టాలి. తడి డిస్క్ పెడితే బ్రాత్ కారి జోన్ ఆకారమే చెడిపోతుంది.

ఎంసీఐఎం పాజిటివ్ వస్తే జీన్ ఉన్నట్టే. అప్పుడు వెతకాల్సిన చోట్లు ఇవి.

ప్లేటు. మందు లేని అగర్ మీద మళ్లీ మళ్లీ సబ్‌కల్చర్ చేస్తే ప్లాస్మిడ్ పోయిన కణాలు కూడా హాయిగా పెరుగుతాయి. వాటిలోంచి ఒకే కాలనీ తీసి డీఎన్‌ఏ చేస్తే, ఎంఐసీ ఒక బ్యాక్టీరియాది, జీనోమ్ మరో బ్యాక్టీరియాది అవుతుంది. స్ట్రీక్ మొదటి భాగంలో మెరోపెనెమ్ డిస్క్ పెట్టి, డిస్క్ అంచు దాకా పెరిగిన చోటు నుంచే కాలనీ తీయండి. అదే కాలనీ నుంచి పెంచిన బ్రాత్‌ను మూడుగా విడదీయండి: ఒకటి డీఎన్‌ఏకు, ఒకటి ఎంఐసీకి, ఒకటి 20 శాతం గ్లిసరాల్‌తో మైనస్ 80కి. ఇలా చేయకపోతే తర్వాత ఎంత వాదించుకున్నా తేలదు.

డీఎన్‌ఏ ట్యూబు. సంస్థకు పంపగా మిగిలిన అదే ట్యూబు మీద ఆక్సా-48 (మరో కార్బాపెనిమేజ్), ఎన్‌డీఎం పీసీఆర్ పెట్టండి. ఎక్కువమంది వాడే కార్బాపెనిమేజ్ మల్టీప్లెక్స్‌లో ఆక్సా-48 గుంపుకు 438, ఎన్‌డీఎంకు 621 బేసుల బ్యాండ్ రావాలి. ఆక్సా-181, 232 కూడా ఆ 438లోనే పడతాయి. ట్యూబులో బ్యాండ్ వచ్చి, అసెంబ్లీలో జీన్ లేకపోతే తప్పు లైబ్రరీలోనో అసెంబ్లీలోనో ఉంది.

నా అనుమానం మాత్రం ఆక్సా-232 మీదే. మన దేశపు క్లెబ్సియెల్లాలో, ముఖ్యంగా ఎస్‌టీ231 అనే వంశంలో, అది 6.1 కిలోబేసుల చిన్న గుండ్రటి ప్లాస్మిడ్ మీద ఉంటుంది. నానోపోర్ లైగేషన్ కిట్‌లో అడాప్టర్ (సీక్వెన్సింగ్ మొదలయ్యేందుకు అతికించే ముక్క) అతకాలంటే డీఎన్‌ఏకు కొస ఉండాలి. చెక్కుచెదరని గుండ్రటి ప్లాస్మిడ్‌కు కొస ఎక్కడుంది? పెద్ద క్రోమోజోమ్ ఎక్స్‌ట్రాక్షన్‌లో ముక్కలై కొసలు ఇస్తుంది, చిన్న ప్లాస్మిడ్ మాత్రం రింగులాగే మిగిలి లైబ్రరీలోకి ఎక్కదు. ర్యాపిడ్ కిట్‌లో ట్రాన్స్‌పోజేజ్ తానే కోసి అడాప్టర్ పెడుతుంది కాబట్టి ఈ సమస్య చాలా తక్కువ. ఇది కాక, పొడవైన రీడ్లు కావాలని చిన్న ముక్కలను తీసేసే కిట్ వాడినా, ఫిల్టర్‌లో 10 కిలోబేసుల కంటే చిన్న రీడ్లు వద్దని పెట్టినా 6 కిలోబేసుల ప్లాస్మిడ్ అక్కడే పోతుంది. ఇవన్నీ దాటి వచ్చినా ఫ్లై అసెంబ్లర్ చిన్న ప్లాస్మిడ్లను ఒక్కోసారి వదిలేస్తుంది, లేదంటే ఒకదాని వెనక ఒకటి రెండు కాపీలు అతికించి 12 కిలోబేసులుగా చూపిస్తుంది.

కాబట్టి ఫాస్టా ఫైలుతో సరిపెట్టుకోవద్దు. ఫిల్టర్ చేయని ఫాస్ట్‌క్యూ రీడ్లు అడగండి, ఏ కిట్ వాడారో అడగండి. రీడ్లను ఆక్సా-232 ప్లాస్మిడ్ రిఫరెన్స్ మీద మినిమ్యాప్2తో మ్యాప్ చేయండి. క్రోమోజోమ్ డెప్త్ (ఒక్కో చోటును కప్పే రీడ్ల సంఖ్య) 60 ఉన్నప్పుడు ప్లాస్మిడ్ మీద నాలుగైదు రీడ్లే పడినా సరే, అవి జీన్ ఈ చివర నుంచి ఆ చివర దాకా కప్పితే అది ఉన్నట్టే. అయితే ఒక మెలిక: ఒకే రన్‌లో పక్క బార్‌కోడ్ (ఒక్కో ఐసొలేట్‌కు తగిలించే డీఎన్‌ఏ గుర్తు) నుంచి కూడా రెండు మూడు రీడ్లు కారి రావచ్చు. మీ పదింటిలో ఏదైనా ఆక్సా ఉన్నది అదే రన్‌లో ఉంటే పీసీఆర్‌తో నిర్ధారించుకోకుండా రాయొద్దు.

——

పోరిన్

కాంటిగ్‌వేట గారు చెప్పినదానికి చిన్న చేర్పు. ఎంసీఐఎం నెగెటివ్ వచ్చే అవకాశాన్నీ లెక్కలో ఉంచుకోండి. సెఫలోస్పోరిన్లను విరగ్గొట్టే సీటీఎక్స్-ఎం-15 లాంటి ఎంజైము బాగా ఎక్కువగా ఉండి, మందు లోపలికి వచ్చే ద్వారాలు మూసుకుపోతే కార్బాపెనిమేజ్ లేకుండానే కార్బాపెనెమ్‌కు లొంగదు. పోరిన్లనే ఆ ద్వారాలు క్లెబ్సియెల్లాలో ఓఎంపీకే35, ఓఎంపీకే36. 35 తరచూ మధ్యలోనే ఆగిపోయి ఉంటుంది. 36లో మూడో లూపు దగ్గర గ్లైసిన్–ఆస్పార్టేట్ అనే రెండు అమైనో ఆమ్లాలు అదనంగా దూరితే రంధ్రం సన్నబడుతుంది. ఇలాంటివాటిలో ఎర్టాపెనెమ్ ముందు చెడుతుంది, మెరోపెనెమ్ ఆ తర్వాత. ఎర్టాపెనెమ్ ఎంఐసీ కూడా చూశారా?

అబ్రికేట్ ఇది చెప్పదు. జీన్ ఉందా లేదా అన్నదే అది చూస్తుంది, జీన్ చెడిందా అన్నది చూడదు. ఏఎంఆర్‌ఫైండర్‌ప్లస్ టూల్‌ను ఆర్గానిజం ఆప్షన్‌లో క్లెబ్సియెల్లా న్యుమోనియే అని ఇచ్చి నడపండి. ఆ ఆప్షన్ ఇవ్వకపోతే పాయింట్ మ్యుటేషన్లు చూడకుండానే రిపోర్టు ఇచ్చేస్తుంది. క్లెబొరేట్ కూడా నడపండి. జాతి, ఎస్‌టీ, పోరిన్లు, ఎంజీఆర్‌బీ (కోలిస్టిన్ రెసిస్టెన్స్‌కు సంబంధించిన జీన్) అన్నీ ఒకే వరుసలో ఇస్తుంది.

నానోపోర్ అసెంబ్లీ ఒక్కటే చేతిలో ఉన్నప్పుడు "పోరిన్ తెగింది" అనే మాటను వెంటనే నమ్మకండి. ఒకే అక్షరం ఆరేడుసార్లు వరుసగా వచ్చే చోట ఒక అక్షరం తక్కువగానో ఎక్కువగానో చదివితే ఫ్రేమ్ జారి జీన్ తెగినట్టు కనిపిస్తుంది. ఆర్10.4.1 ఫ్లో సెల్ (సీక్వెన్సింగ్ జరిగే చిప్), సూపర్ అక్యురసీ బేస్‌కాలింగ్, బ్యాక్టీరియా మోడల్‌తో మెడాకా పాలిష్, ఈ మూడూ ఉంటే ఇది చాలా అరుదు. పాత ఆర్9.4.1 డేటా అయితే మాత్రం ఆ చోట రీడ్లు తెరిచి కళ్లతో చూడాలి.

——

బ్రాత్‌బావి

7వ ఐసొలేట్ నేను తీసుకుంటాను. కోలిస్టిన్ విషయంలో సీక్వెన్స్ కంటే ముందు ఎంఐసీని ప్రశ్నించాలి. ఆ 16 ఎలా వచ్చింది? డిస్క్ అయినా, స్ట్రిప్ అయినా ఆ అంకెను పక్కన పెట్టండి. కోలిస్టిన్ పెద్ద అణువు, అగర్‌లో సరిగా పాకదు. ఆటోమేటెడ్ మెషీన్ల రిజల్టు కూడా కోలిస్టిన్‌కు నమ్మకమైనది కాదు. బ్రాత్ మైక్రోడైల్యూషన్ ఒక్కటే దారి.

అందులోనూ తప్పులు జరిగేవి ఇవీ. వాడాల్సింది కోలిస్టిన్ సల్ఫేట్ పౌడరు. ఇంజెక్షన్ వయల్‌లో ఉండేది మీథేన్‌సల్ఫొనేట్, అది శరీరంలోకి వెళ్లాకే నిదానంగా మందుగా మారుతుంది. దాంతో పెడితే ఎంఐసీ అబద్ధంగా పెరుగుతుంది. బ్రాత్ కాటయాన్ సరిచేసిన ముల్లర్ హింటన్ కావాలి. ప్లేటు మామూలు పాలీస్టైరీన్, టిష్యూ కల్చర్‌కు ట్రీట్ చేసినది కాదు, ఎందుకంటే కోలిస్టిన్ ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది. అంటుకోకుండా పాలీసార్బేట్ 80 కలపడం కూడా చేయకూడదు. వెల్‌లో బ్యాక్టీరియా మిల్లీలీటరుకు 5 లక్షలు ఉండాలి. 25922 స్ట్రెయిన్ 0.25 నుంచి 2 మధ్య రావాలి. అది బయటకు పోతే ఆ రోజు ప్లేటు చెల్లదు. ఎంసీఆర్-1 ఉన్న ఎన్‌సీటీసీ 13846 దొరికితే పక్కన పెట్టండి, దానికి 4 రావాలి. ఇవన్నీ సరిగ్గా ఉండి మళ్లీ 16 వస్తే అది నిజమైన రెసిస్టెన్సే. 4, ఆపైన అంటే రెసిస్టెంట్.

ఇక కారణం. ఎంసీఆర్ 2015లో చైనా నుంచి రిపోర్టయ్యాక అందరూ దాన్నే వెతుకుతున్నారు. మన క్లెబ్సియెల్లాలో కోలిస్టిన్ రెసిస్టెన్స్ ఎక్కువగా క్రోమోజోమ్ మీదే, అందులోనూ ఎంజీఆర్‌బీ చెడడం వల్లే. ఎంజీఆర్‌బీ 47 అమైనో ఆమ్లాల బుల్లి ప్రొటీన్. పీహెచ్‌ఓక్యూ అనే సెన్సర్‌కు కళ్లెం లాంటిది. కళ్లెం తెగితే పీహెచ్‌ఓపీ ఆగకుండా పనిచేస్తుంది, దాని కింద ఉన్న ఏఆర్‌ఎన్ ఆపెరాన్ లిపిడ్-ఏకు అమైనో అరబినోజ్ చక్కెర తగిలిస్తుంది. కణం పైపొర మీద ఉన్న ఋణావేశం తగ్గిపోతుంది. ధనావేశంతో వచ్చే కోలిస్టిన్‌కు పట్టు దొరకదు.

దీనికి సీక్వెన్సింగ్ కూడా ముందు అవసరం లేదు. ఎంజీఆర్‌బీకి రెండు వైపులా బయట ప్రైమర్లతో పీసీఆర్ పెట్టి, లొంగే ఐసొలేట్‌ను పక్క లేన్‌లో నడపండి. బ్యాండ్ మామూలు సైజు కంటే 700 నుంచి 1400 బేసులు పెరిగితే ఇన్సర్షన్ సీక్వెన్స్ (చోటు మారే డీఎన్‌ఏ ముక్క) వచ్చి జీన్ మధ్యలో కూర్చుందన్నమాట. అసలు బ్యాండే రాకపోతే, అదే డీఎన్‌ఏ మీద 16ఎస్ పీసీఆర్ బాగా వస్తుంటే, ఆ చోటు మొత్తం ఎగిరిపోయి ఉండవచ్చు. సైజు మామూలుగానే ఉంటే ఆ ముక్కను సాంగర్‌కు పంపండి, మధ్యలో స్టాప్ కోడాన్ ఉండవచ్చు. అదీ లేకపోతే పీఎంఆర్‌బీ, పీహెచ్‌ఓక్యూ చూడాలి. కళ్ల ముందు జెల్ మీద ఆ పెద్ద బ్యాండ్ కనిపిస్తే ఇక ఎవరికీ సందేహం మిగలదు.

ఇలుమినా డేటాలో అయితే ఈ ఇన్సర్షన్ దగ్గర అసెంబ్లీ తెగిపోతుంది. ఒకే ఇన్సర్షన్ సీక్వెన్స్ జీనోమ్‌లో పది చోట్ల ఉంటుంది, 150 బేసుల రీడ్ దాన్ని దాటలేదు. ఎంజీఆర్‌బీ సగం ఒక కాంటిగ్ చివర, సగం మరో కాంటిగ్ మొదట్లో పడుతుంది. మీది నానోపోర్ కాబట్టి ఒకే రీడ్‌లో మొత్తం కనిపిస్తుంది. ఇందులో మీది మంచి ఎంపికే.

——

ఫ్లోసెల్

ఖర్చు ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. మొత్తం 12 మళ్లీ చేయించొద్దు. మ్యాపింగ్, పీసీఆర్ అయ్యాక కూడా తేలకపోతే 4, 9 మాత్రమే ర్యాపిడ్ బార్‌కోడింగ్‌తో మళ్లీ పంపండి, చాలు.

లెక్క ఇలా వేసుకోవాలి. క్లెబ్సియెల్లా జీనోమ్ సుమారు 5.5 మెగాబేసులు. 50 రెట్లు కావాలంటే ఒక్కోదానికి 275 మెగాబేసులు. 24 ఐసొలేట్లు ఒకే ఫ్లో సెల్ మీద పెడితే 6.6 గిగాబేసులు. బార్‌కోడ్లు సమానంగా పంచుకోవు, ఒకటి 100 రెట్లు తీసుకుంటే మరొకటి 20కి పడిపోతుంది, అందుకని 10 గిగాబేసులు వస్తుందని నమ్మకం ఉంటేనే 24 పెట్టండి. ఫ్లో సెల్ చేతికి రాగానే, వాడే రోజు కాదు, చెక్ పెట్టాలి. మినయాన్ ఫ్లో సెల్‌లో 800 కంటే తక్కువ పోర్లు ఉంటే గ్యారంటీ గడువులోపే చెప్పుకోవాలి. వేసవిలో కొరియర్‌లో వచ్చినవాటికి ఇది మరీ ముఖ్యం.

డీఎన్‌ఏ విషయంలో క్లెబ్సియెల్లా పెట్టే తంటా దాని జిగురే. లూపుతో కాలనీ ఎత్తితే తీగలా సాగే రకం అయితే 1.5 మిల్లీలీటర్ల కల్చర్ వేస్తే కాలమ్ మూసుకుపోతుంది. అర మిల్లీలీటరు చాలు. ముందు సెలైన్‌తో రెండుసార్లు కడిగి పెల్లెట్ తీసుకోండి. నానోడ్రాప్‌లో 260/280 నిష్పత్తి 1.8 వచ్చి మురిపించినా 260/230 ఒకటి దగ్గర ఉంటే క్యాప్సూల్ చక్కెరలు ఇంకా ఉన్నట్టే, అవి ట్రాన్స్‌పోజేజ్‌ను అడ్డుకుంటాయి. పరిమాణానికి నానోడ్రాప్‌ను నమ్మొద్దు. ఆర్‌ఎన్‌ఏ ఉంటే నానోడ్రాప్ 200 చూపించిన ట్యూబు క్యూబిట్‌లో (డీఎన్‌ఏను మాత్రమే కొలిచే పరికరం) 40 రావడం మామూలే. ఆర్‌ఎన్‌ఏజ్ వేయండి, క్యూబిట్‌తో కొలవండి. ర్యాపిడ్ బార్‌కోడింగ్ 24 కిట్‌కు ఒక్కో ఐసొలేట్ 200 నానోగ్రాములు, 10 మైక్రోలీటర్లలో ఉండాలి. బార్‌కోడ్ కలిపాక 30 డిగ్రీల దగ్గర 2 నిమిషాలు, 80 దగ్గర 2 నిమిషాలు. చివరి ఎల్యూషన్‌కు ఈడీటీఏ ఉన్న టీఈ బఫర్ వాడొద్దు. ట్రాన్స్‌పోజేజ్‌కు మెగ్నీషియం కావాలి, ఈడీటీఏ దాన్ని లాగేసుకుంటుంది. 10 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 8 చాలు. వోర్టెక్స్ చేయొద్దు, ట్యూబును వేలితో తట్టి కలపండి.

డేటా రాగానే మొదట చూడాల్సింది రెసిస్టెన్స్ టేబుల్ కాదు, అసెంబ్లీ సైజు. 5 నుంచి 6 మెగాబేసుల మధ్య, జీసీ (జీ, సీ అక్షరాల వాటా) 57 శాతం దగ్గర ఉండాలి. 10 మెగాబేసులు వస్తే రెండు బ్యాక్టీరియాలు కలిశాయి. జీసీ 50–51కి దిగితే అది ఈ.కోలై అయి ఉండవచ్చు.

——

అగర్‌ప్లేట్_12

అందరికీ కృతజ్ఞతలు. వచ్చినంతవరకు: సంస్థ లైగేషన్ కిట్ వాడిందట, ఆర్10.4.1 ఫ్లో సెల్. 4వది ఎంసీఐఎం పాజిటివ్, ఈసీఐఎంలో జోన్ పెరగలేదు, పాత డీఎన్‌ఏ ట్యూబులోనే 438 బ్యాండ్ వచ్చింది. 9వది ఎంసీఐఎం 22 మిల్లీమీటర్లు, రెండు పీసీఆర్‌లూ నెగెటివ్, ఎర్టాపెనెమ్ 64 కంటే ఎక్కువ. 7వది బ్రాత్ మైక్రోడైల్యూషన్‌లోనూ 16, ఎంజీఆర్‌బీ పీసీఆర్ లొంగే దానికంటే ఒక కిలోబేసు పెద్దగా వచ్చింది.

ఇంకో సందేహం. టేబుల్‌లో 12 ఐసొలేట్లలోనూ ఎఫ్‌ఓఎస్‌ఏ, ఓక్యూఎక్స్‌ఏ, ఓక్యూఎక్స్‌బీ ఉన్నాయి. అన్నీ ఫాస్ఫోమైసిన్, క్వినొలోన్ రెసిస్టెంట్ అని రాయాలా?

——

కాంటిగ్‌వేట

రాయొద్దు. ఆ మూడూ క్లెబ్సియెల్లా న్యుమోనియే క్రోమోజోమ్ మీద పుట్టుకతో ఉండేవే. ఎస్‌హెచ్‌వీ-1, ఎస్‌హెచ్‌వీ-11 కూడా అంతే, ఆంపిసిలిన్ ఒక్కదానికే సరిపోతాయి. ఎస్‌హెచ్‌వీ-12 లాంటిదైతే వేరు, అందులో 238వ స్థానంలో గ్లైసిన్ బదులు సెరీన్ ఉండి సెఫలోస్పోరిన్లను విరగ్గొడుతుంది. పేరు చివరి అంకె దాకా చదవాలి. ఎన్‌డీఎం-1కీ ఎన్‌డీఎం-5కీ తేడా రెండే అమైనో ఆమ్లాలు, పీసీఆర్ బ్యాండ్ రెండిటికీ ఒకటే. మీ పది ఎన్‌డీఎంలలో ఏది ఏదో జీనోమ్ నుంచే చెప్పగలరు. అలాగే అబ్రికేట్ మామూలుగా 80 శాతం కవరేజీ ఉంటే జీన్ ఉందని చూపిస్తుంది. కవరేజీ 100 లేని ప్రతి వరుసనూ విడిగా చూడండి, అది తెగిపోయిన జీన్ కావచ్చు.

4వది ఆక్సా-48 గుంపు అని తేలినట్టే. ఈసీఐఎంలో జోన్ పెరగలేదు కాబట్టి మెటలో ఎంజైము కాదు. వార్డుకు ఇది తెలియడం అవసరం: సెఫ్టాజిడీమ్–అవిబాక్టామ్ ఆక్సా-48 మీద పనిచేస్తుంది, ఎన్‌డీఎం మీద పనిచేయదు. మన దగ్గర రెండూ ఒకే ఐసొలేట్‌లో ఉండడం తరచూ కనిపిస్తుంది కాబట్టి ఆ ఎన్‌డీఎం పదింటినీ కూడా ఆక్సా-48 పీసీఆర్‌తో ఒకసారి చూడండి. అదే లైగేషన్ లైబ్రరీ, అదే చిన్న ప్లాస్మిడ్ వాటిలోనూ పోయి ఉండవచ్చు. వైద్యులకు మాత్రం ఎంఐసీనే రిపోర్టు చేయాలి, జీన్ పేరు దాని పక్కన వివరణగా ఉండాలి.

——

పోరిన్

9వది నా వైపు వచ్చింది. ఓఎంపీకే35, 36 రెండిటినీ రిఫరెన్స్ ప్రొటీన్‌తో అలైన్ చేసి చూడండి. తెగినట్టు కనిపించిన చోట రీడ్లు తెరవండి, ఆర్10.4.1 కాబట్టి నమ్మవచ్చు, అయినా అక్కడ అక్షరాల వరుస ఉందేమో చూసుకోవాలి. ఎంఐసీ 32 దాకా పోవాలంటే రెండు పోరిన్లూ చెడి, దానితో సీటీఎక్స్-ఎం కాపీలు పెరిగి ఉండవచ్చు. కాపీల లెక్క అసెంబ్లీలో కనపడకపోవచ్చు. సీటీఎక్స్-ఎం-15 మీద డెప్త్‌ను క్రోమోజోమ్ డెప్త్‌తో భాగించి చూడండి, 60కి 60 వస్తే ఒకటే కాపీ, 300 వస్తే ఐదు.

ఆ ఐసొలేట్‌ను మందు లేని ప్లేటు మీద పెంచొద్దు. పెరిగిన కాపీలు మందు లేకపోతే కొన్ని సబ్‌కల్చర్లలోనే తగ్గిపోతాయి, అప్పుడు ఎంఐసీ 4కో 8కో దిగి మీరు మళ్లీ మొదటికి వస్తారు. మైనస్ 80లో ఉన్న మొదటి వయల్ నుంచే తీయండి.